పై లోకాల గాలి, మన ఇంటి అమ్మాయి

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ పూట మీతో గాలి గురించి మాట్లాడదామని వచ్చాను. గాలి అంటే మన వాకిట్లో వీచే గాలి కాదు. శుక్రుడి మీద, కుజుడి మీద, ఇంకా ఎక్కడో పరాయి నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద ఉండే గాలి. "వంటింట్లో గాలాడక మేం అవస్థ పడుతూంటే ఈవిడెవరమ్మా, శుక్రుడి మీద గాలి సంగతి చెప్పొచ్చింది!" అనుకుంటున్నారు కదూ? రెండేళ్ళ క్రితం మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. మా అమ్మాయి ఆ గాలి మీదే పరిశోధన చేస్తానని పట్టుబట్టిన రోజున. ఆ గొడవలోంచే ఈ ప్రసంగం పుట్టింది. అంచేత ముందు మా ఊరి సంగతి, మా ఇంటి సంగతి చెప్పి, ఆ తరువాత ఆకాశంలోకి వెళతాను.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో పెద్ద చెరువున్న ఊరంటే చాలామందికి గుర్తొస్తుంది. మా ఊరు దాటి మంచాల వైపు వెళితే జాపాల, రంగాపూర్ అని రెండు పల్లెలున్నాయి. వాటి దగ్గర గుట్ట మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 1968 ప్రాంతంలో ఒక ఖగోళ వేధశాల కట్టారు. అందులో పెట్టిన దూరదర్శిని అద్దం 48 అంగుళాలు, అంటే నాలుగడుగుల వెడల్పు. ఆనాటికి మన దేశంలో అంతకంటే పెద్దది లేదు. దాన్ని చాలాకాలం నడిపించిన ఆచార్య అభ్యంకర్ గారు నక్షత్రాల మీదే కాక, గ్రహాల మీది వాతావరణంలో కాంతి ఎలా చెదిరిపోతుందన్న లెక్కల మీద కూడా ఎంతో పని చేశారు. అంటే ఈ పై లోకాల గాలి సంగతి మా ఊరి పొలిమేరల్లో యాభై ఏళ్ళనాడే నడిచిందన్నమాట. మాకు తెలియదు, అంతే.

ఎందుకు తెలియదో చెబుతాను వినండి.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటకలో కార్వారు దగ్గర ఒడ్డెక్కి, సరిగ్గా మా ప్రాంతం మీదుగా వెళ్ళింది. జాపాల గుట్ట మీద శాస్త్రజ్ఞులు పరికరాలు సర్దుకుని రోజుల తరబడి కాచుకుని కూర్చున్నారు. ఆ గ్రహణం కోసమనే అక్కడ పదడుగుల రేడియో దూరదర్శిని కూడా నెలకొల్పారు. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ గుట్టకు నాలుగు కోసుల దూరంలో, మా నాయనమ్మ చేత తలుపులు గడియ వేయించుకుని, చీకటి గదిలో కూర్చున్నాను!

మీలో నా ఈడు వారికి ఆ రోజు బాగా జ్ఞాపకముండాలి. వీధులన్నీ కర్ఫ్యూ పెట్టినట్టుండేవి. ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద గరిక పోచలు. మా పిన్ని నెల తప్పి ఉందేమో, ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు కదపవద్దని అందరూ కాపలా. మా నాయనమ్మ గడపలో కూర్చుని, "బయట కాలు పెడితే కండ్లు వోతయి" అని హెచ్చరిక. నాయనమ్మను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాక్షికంగా పట్టిన సూర్యుణ్ణి వట్టి కళ్ళతో చూస్తే కళ్ళు పోవడం నిజమే. ఈ మాట మీరూ మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఐతే సరైన కళ్ళద్దాలతో చూడవచ్చుననీ, నీడలో చూడవచ్చుననీ ఆమెకు చెప్పినవారు లేరు.

మాది గూనపెంకుటిల్లు. ఒకచోట పెంకు జరిగి సన్నని సందు ఉండేది. అందులోంచి రోజూ మధ్యాహ్నం పూట గోడ మొదట్లో రూపాయి బిళ్ళంత గుండ్రని వెలుగు పడేది. ఆ రోజు ఏమీ తోచక ఆ వెలుగుకేసి చూస్తూ కూర్చున్నాను. చూస్తూండగా ఆ బిళ్ళకు ఒక పక్క కొరికినట్టయింది. కాసేపటికి సగమైంది. తరువాత నెలవంకలా సన్నబడింది. మూడున్నర దాటిన కొంచెం సేపటికి మాయమైపోయింది. బయట కాకుల అరుపులు ఆగిపోయాయి. ఇంట్లో ఎవరి మొహం ఎవరికీ కనబడలేదు. రెండు నిమిషాలు. మళ్ళీ గోడ మొదట్లో సన్నని వెలుగు గీత, మెల్లిగా పెరిగి బిళ్ళయింది.

సోమవారం బడికి వెళ్ళి సార్‌కు ఈ మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, "పిచ్చిపిల్లా, నువ్వు చూసింది సూర్యుడి బొమ్మనే! చిన్న సందులోంచి వెలుగు పడితే అది సూర్యుడి ఆకారంలోనే పడుతుంది. గ్రహణం మొత్తం చూశావు నువ్వు" అన్నారు. నాకు సంతోషమూ దుఃఖమూ రెండూ కలిగాయి. సంపూర్ణ గ్రహణంలో నల్లని సూర్యుడి చుట్టూ కిరీటంలా వెలుగు కనబడుతుందట. పట్టపగలు చుక్కలు కనబడతాయట. అవి నేను చూడలేదు. మా ఊరి మీదికి మళ్ళీ అలాంటి గ్రహణం నా జీవితంలో రాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పరాయి గ్రహాల గాలిని పరీక్షించే శాస్త్రజ్ఞుల పని అచ్చంగా ఆ చీకటి గదిలోని పిల్ల పనే. వాళ్ళూ ఆ గ్రహాల మీదికి వెళ్ళలేరు. ఎక్కడినుంచో వచ్చిన చిటికెడు వెలుగు తప్ప వాళ్ళ చేతిలో మరేమీ లేదు. ఆ వెలుగు ఎంత తగ్గింది, ఏ రంగులో తగ్గింది అని చూసే అంతా చెప్పాలి.

వెలుగును బట్టి గాలిని ఎలా పోల్చుకుంటారు? ఇది మన వంటింట్లోనే ఉంది. గ్యాసు పొయ్యి మీద పప్పు పొంగి, ఉప్పునీళ్ళు మంట మీద పడితే ఏమవుతుంది? నీలం మంట చప్పున పసుపుపచ్చగా మారుతుంది. అది ఉప్పులోని సోడియం రంగు. ఇలా ప్రతి పదార్థానికీ తనదంటూ కొన్ని రంగులున్నాయి. వేడెక్కితే ఆ రంగులు వెదజల్లుతుంది. తన గుండా వెలుగు పోతూంటే అవే రంగులు మింగేస్తుంది. వెలుగును ఇంద్రధనుస్సులా విడదీసి చూస్తే, మింగేసిన చోట్ల నల్లని గీతలు కనబడతాయి. ఆ గీతలే ఆనవాళ్ళు. మన పక్కింటి పోపు వాసనను బట్టి ఈ పూట వాళ్ళింట్లో ఏం కూరో చెప్పేస్తాం కదా, అలాగే.

ఈ విద్యకు మన తెలుగుదేశంతో పాత చుట్టరికముంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పడితే, దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అంత దూరం నుంచీ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి మెరిసే గీతలు చూశాడు. ఆ గ్రహణంలో కనబడిన పసుపుపచ్చ గీత ఒకటి ఎవరికీ తెలిసిన పదార్థానిది కాదని తరువాత తేలింది. దానికే హీలియం అని పేరు పెట్టారు. అదే వాయువు భూమి మీద దొరికింది 1895లో. ఆకాశంలో ముందు కనిపించి, ఆ తరువాత నేల మీద దొరికిందన్నమాట!

ఇప్పుడు మన ఇరుగుపొరుగు గ్రహాల సంగతి చూద్దాం. సూర్యుడు పొయ్యి అనుకోండి. అందరికంటే దగ్గరగా కూర్చున్నవాడు బుధుడు. రెండోవాడు శుక్రుడు. మరి ఎవరు ఎక్కువ వేడిగా ఉండాలి? బుధుడనే అంటాం. కాని బుధుడి మీద మిట్టమధ్యాహ్నం 430 డిగ్రీలుంటే, రాత్రి సున్నాకు దిగువన 180కి పడిపోతుంది. శుక్రుడి మీద పగలూ రాత్రీ అనకుండా 465 డిగ్రీలు. సీసం కరిగి నీళ్ళయ్యే వేడి! కారణమేమిటంటే, శుక్రుడి మీద మూత ఉంది. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, అక్కడి గాలిలో నూటికి 96 పాళ్ళు. ఆ గాలి బరువు మన గాలికి తొంభై రెట్లు. పైన గంధకామ్లపు మబ్బులు. లోపలికి వచ్చిన వేడి బయటకు పోదు. కుక్కరు మూత బిగించి విజిలు ఊడకుండా పట్టుకున్నట్టే.

కుజుడి మీద కూడా గాలిలో ఎక్కువ పాలు ఆ బొగ్గుపులుసు వాయువే. కాని ఆ గాలి మొత్తం మన గాలిలో నూరో వంతు కూడా లేదు. చిల్లులు పడ్డ పలచటి దుప్పటి లాంటిది. అంచేత అక్కడ సగటున సున్నాకు దిగువన 60 డిగ్రీల చలి. ఇహ మన భూమి. మన గాలే లేకపోతే, మనకు వచ్చే ఎండకు భూమి సగటున సున్నాకు దిగువన 18 డిగ్రీలుండేది. ఈ గాలి కప్పుకోబట్టి 15 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నాం. ఒకే పొయ్యి, మూడు గిన్నెలు. ఒకటి మాడింది, ఒకటి గడ్డకట్టింది, ఒకటి సరిగ్గా ఉడికింది. తేడా ఎక్కువగా మూతలోనే ఉంది.

ఈ మూత రహస్యం ముందుగా పట్టుకున్నది ఎవరనుకున్నారు? యూనిస్ ఫుట్ అనే అమెరికా ఇల్లాలు. గాజు గొట్టాలు రెండు తీసుకుంది. లోపల ఉష్ణమాపకాలు పెట్టింది. ఒకదానిలో మామూలు గాలి, ఇంకోదానిలో బొగ్గుపులుసు వాయువు నింపి ఎండలో పెట్టింది. రెండోది ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చినా చల్లారడానికి ఎంతో ఎక్కువసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని అప్పుడే రాసింది. 1856లో శాస్త్రజ్ఞుల సభలో ఆ వ్యాసాన్ని చదివింది ఆమె కాదు, ఒక మగ శాస్త్రజ్ఞుడు ఆమె తరఫున చదివాడు. ఆ తరువాత నూటయాభై ఏళ్ళు ఆమె పేరు తలచినవారు దాదాపు లేరు.

సరే, ఇహ మా అమ్మాయి సంగతి.

భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సి. అయింది. ఎప్పుడు చూసినా మేడ మీద, చుక్కల కింద. పరీక్ష ఏదో రాసింది. ఒక పరిశోధన సంస్థలో పిహెచ్.డి.కి చోటొచ్చింది. పరాయి నక్షత్రాల గ్రహాల వాతావరణం మీద పని. ఐదారేళ్ళు పడుతుంది. సరిగ్గా అదే నెలలో మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం, సొంత ఇల్లు. వాళ్ళు అడిగిందొకటే, పిల్ల ఇంక చదువు మానాలని.

మా బావగారు, "ఐదారేండ్లు చదువుకుంట కూసుంటే పిల్ల వయసు ఆగుతదా?" అన్నారు. మా అత్తమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "బిడ్డా, మన ఇంట్ల గాలి, మన ఊరి గాలి సాలదా? ఆ సుక్కల మీది గాలితోని మనకేం పని?" అంది. మావారు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా ఒక మాటే కదండీ! అందరూ నా మొహం చూశారు. ఆ పిల్ల కూడా.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నిజం చెప్పొద్దూ, సంబంధం వదులుకోవాలంటే నాకూ గుండె గుబగుబలాడింది. ఆ చదువు ఏమిటో తెలియకుండా అవుననడమెట్లా, కాదనడమెట్లా? పొద్దున్నే అమ్మాయినే అడిగాను. "నాకు అర్థమయ్యేలా చెప్పవే, నువ్వు చేయబోయే పనేమిటో" అని. అది చెప్పిందే మీకు చెబుతున్నాను.

మన సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మరో గ్రహం తిరుగుతోందని మొదటిసారి తేలింది 1995లో. ఈనాటికి అలాంటి గ్రహాలు ఆరు వేలు దాటాయి. అవి కంటికి కనబడవు. కాని వాటిలో కొన్ని తమ నక్షత్రం ముందునుంచి దాటుతాయి. అప్పుడు ఆ నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది. అంటే ఎక్కడో పరాయి ఊళ్ళో చిన్న గ్రహణం! అలా దాటుతున్నప్పుడు నక్షత్రపు వెలుగులో కొంచెం ఆ గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడకట్టుకుని మన దాకా వస్తుంది. ఆ గాలిలో ఏ వాయువులుంటే ఆ రంగులు మింగేస్తాయి. అదీ కిటుకు.

ఈ కిటుకు పనిచేస్తుందని ముందుగా లెక్కకట్టి చెప్పినవారిలో ఒకామె ఉంది. సారా సీగర్. 1971లో కెనడాలో పుట్టింది, అంటే నా ఈడుదే. పిహెచ్.డి. విద్యార్థినిగా హార్వర్డ్‌లో ఈ గ్రహాల వాతావరణం గురించి లెక్కలు మొదలుపెట్టే నాటికి, అలాంటి గ్రహాలున్నాయన్న మాటే ఇంకా కొత్త. 2000లో ఆమె, ఆమె గురువు సాసెలోవ్ కలిసి, ఇలా దాటే గ్రహం మీది గాలిలో సోడియం జాడ కనబడాలని ముందే రాశారు. మరుసటి ఏడు, 150 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలోని ఒక గ్రహం మీద, హబుల్ దూరదర్శినితో వేరే శాస్త్రజ్ఞులు ఆ జాడ చూశారు. తగ్గిన వెలుగెంతో తెలుసా? పదివేల పాళ్ళలో రెండు పాళ్ళు! మన పొయ్యి మీద పసుపుపచ్చగా మండిన ఉప్పులోని సోడియమే, పరాయి సూర్యుడి గ్రహం మీద ముందుగా ప్రకటించిన పదార్థం. ఆ జాడను కూడా తరువాతివారు తిరిగి తూకం వేసి, అది అంత ఖాయం కాదన్నారు. ఈ శాస్త్రంలో అది మామూలే.

2011లో సీగర్ భర్త పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె పిల్లలనూ పెంచింది, పనీ వదల్లేదు.

ఆమె దగ్గర చదువుకున్న శిష్యుడొకడు మన దేశంవాడే, నిక్కు మధుసూదన్. బెనారస్‌లో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి 2009లో పిహెచ్.డి. పట్టా పుచ్చుకున్నాడు. వచ్చిన వెలుగును బట్టి ఆ గ్రహం మీద వేడి ఎంత, ఏ వాయువు ఎంత అని వెనక్కి లెక్కకట్టే పద్ధతి ఒకటి ఆ విద్యార్థి దశలోనే తయారుచేశాడు. ఒకటి కాదు, లక్షల రకాల వాతావరణాలు కంప్యూటరులో కల్పించి, కనబడిన వెలుగుకు ఏవి సరిపోతాయో చూడటం.

ఇది నాకు అర్థం కాలేదు. అప్పుడు మా అమ్మాయి వాకిట్లోకి తీసుకెళ్ళి, ముగ్గుపిండితో చుక్కలు పెట్టింది. "అమ్మా, ఈ చుక్కలకు ముగ్గు వెయ్యి" అంది. వేశాను. "ఇంకో రకం వెయ్యి" అంది. అవే చుక్కలకు మరో ముగ్గు వేశాను. "అదే మా కష్టం. ఆకాశం చుక్కలిస్తుంది. ముగ్గు మేం వెయ్యాలి. చుక్కలు తక్కువైతే నాలుగైదు ముగ్గులు పడతాయి. ఏది అసలుదో తెలియాలంటే ఇంకా చుక్కలు కావాలి" అంది.

చూశారా! మీ అందరికీ తెలిసిన విద్యే. దీనికి ఉదాహరణ కూడా చెప్పింది. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరంలో కె2-18బి అని ఒక గ్రహం ఉంది. భూమికి ఎనిమిదిన్నర రెట్ల బరువు. దానికి ఏడాదంటే 33 రోజులే. 2023లో మధుసూదన్ బృందం, ఈ కాలపు పెద్ద దూరదర్శిని జేమ్స్ వెబ్‌తో, అక్కడి గాలిలో మీథేను, బొగ్గుపులుసు వాయువు ఉన్నాయని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో మరో వాయువు జాడ కూడా కనబడిందంది. ఆ వాయువును మన భూమి మీద సముద్రంలోని సూక్ష్మజీవులు పుట్టిస్తాయి. పేపర్లన్నీ అక్కడ జీవం ఉందహో అన్నాయి. కాని తక్కిన శాస్త్రజ్ఞులు అవే చుక్కలు తీసుకుని, "వేరే ముగ్గు కూడా పడుతోంది కదా, ఈ రుజువు చాలదు" అన్నారు. మధుసూదన్ బృందం కూడా ఇంకా చూడాలనే అంది. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. ఇంకా చుక్కలు కావాలి, అంతే.

ఇదంతా బాగానే ఉంది, మరి మా అత్తమ్మ ప్రశ్న? మనకేం పని?

దానికి జవాబు ఒక మనిషి కథలో దొరికింది. జేమ్స్ హాన్సెన్ అని అమెరికా శాస్త్రజ్ఞుడు. 1967లో ఆయన పిహెచ్.డి. చేసింది శుక్రుడి వాతావరణం మీద. ఆ మబ్బులూ ఆ వేడీ లెక్కలు కడుతూ, ఆ లెక్కల పద్ధతినే మన భూమి గాలి మీదికి మళ్ళించాడు. ఇక్కడా మూత బిగుస్తోందని కనిపెట్టి, 1988లో అమెరికా సెనేటు ముందు నిలబడి భూమి వేడెక్కుతోందని చెప్పాడు. ఫ్యాక్టరీలూ మోటార్లూ రాకముందు మన గాలిలో పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళుండే బొగ్గుపులుసు వాయువు ఇవాళ 420 దాటింది. వేసవి వస్తే మన ఇళ్ళల్లో పడే అవస్థ మీకు వేరే చెప్పాలా? పక్కింట్లో అన్నం మాడిన వాసన వస్తే మనం లేచి మన పొయ్యి చూసుకుంటాం. శుక్రుడు మాడిన గిన్నె. అందులోకి తొంగిచూడటం దండగమారి పని కాదు.

నేను మా అమ్మాయిని పంపించాను. సంబంధం తప్పిపోయింది. ఈ మాట దాచను. రెండేళ్ళయింది. మళ్ళీ అంత మంచి సంబంధం రాలేదు. బావగారు మాతో పూర్వంలా లేరు. ఐదేళ్ళు పోయాక ఉద్యోగం ఎక్కడ, ఎలా అన్నది కూడా ఖాయంగా ఎవరూ చెప్పరు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం వాడిపోయి ఉంది. ఎనిమిది నెలలు పట్టి వేసిన ముగ్గు తప్పని తేలిందట. గాలిదనుకున్న గుర్తు ఆ నక్షత్రం ఒంటి మీది మచ్చదట. నాకు కడుపులో తిప్పినట్టయింది. "మానేస్తావుటే?" అని అడిగాను. "మానెయ్యడమేమిటమ్మా, తప్పెక్కడో తెలిసింది కదా!" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించింది.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలుండవచ్చు. వారికోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఈ చదువుకు ఎం.ఎస్సి. భౌతికశాస్త్రం లేదా ఖగోళశాస్త్రం కావాలి. లెక్కలు బాగా రావాలి. నెట్, గేట్, జెస్ట్ అని పరీక్షలున్నాయి. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, అహ్మదాబాదులోని ఫిజికల్ రిసర్చ్ లాబొరేటరీ, పూనాలోని ఆయుకా వంటి చోట్ల పరిశోధన చేయవచ్చు. ఫీజులు పోసి చదివించే చదువు కాదిది. 2023లో నిర్ణయించిన ప్రకారం నెట్ ద్వారా వచ్చే పరిశోధక వేతనం మొదటి రెండేళ్ళూ నెలకు 37 వేల రూపాయలు, తరువాత 42 వేలు. మన ఇస్రో వారు శుక్రుడి చుట్టూ తిరిగే నౌకను పంపడానికి 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2028లో పంపాలని సంకల్పం. ఆ నౌక పంపే చుక్కలకు ముగ్గులు వేయవలసింది ఇవాళ మన ఇళ్ళల్లో చదువుకుంటున్న పిల్లలే.

ఆడపిల్లలందరూ ఆకాశం మీదే పడాలని నేననను. పెళ్ళి వద్దని అసలే అనను. మా అమ్మాయికీ చెయ్యాలనే నా తాపత్రయం. నేను చెప్పేదొకటే. నన్ను గదిలో పెట్టి తలుపు వేసినా, పెంకు సందులోంచి వెలుగు పడింది కాబట్టి నేను ఆ మాత్రమైనా చూశాను. మన పిల్ల ఏదో ఒక వెలుగుకేసి కళ్ళార్పకుండా చూస్తూంటే, అదేమిటని ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి. తెలుసుకున్నాక అవునన్నా కాదన్నా అది మీ ఇష్టం. తెలుసుకోకుండా సందు మూసెయ్యకండి.

కడపటిగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న అమ్మాయి వచ్చినప్పుడు, సాయంత్రం దీపాలు పెట్టే వేళ మా అత్తమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పడమటి వైపు పెద్ద చుక్క పొడిచింది. కాసేపు దానికేసి చూసి మనవరాలిని పిలిచింది.

"ఏమే, గదేనా మూతవెట్టిన కుండ?"

"అదే నానమ్మా!" అని అది పరుగున వెళ్ళి పక్కన కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ లోపలికి రాలేదు.